వద్దన్న వేలు

మా అక్క స్వరూపకు కోపం వస్తే సిటీ బస్సు ఆగిపోయేది. గొప్పకు చెప్పడం లేదు, ఆమె ఆ బస్సులో కండక్టరు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు లోపలికి రాకపోయినా, ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న మగవాడు లేవకపోయినా, ఒక బెల్లు కొట్టి బండి ఆపించేసి చేతులు కట్టుకుని నిలబడేది. ఒక బెల్లు కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి. పాత బస్సులతో పాటే ఆ బెల్లులూ పోయాయి కానీ అక్క గొంతు వాటిని మించినది కాబట్టి ఆమెకు లోటేమీ తెలియలేదు. "రైట్ రైట్" అని ఆమె అరిస్తే మౌలాలి స్టాపులో నిద్రపోతున్న కుక్కలు కూడా లేచి పక్కకు పోయేవి.

ఆ గొంతును తీసేశారు. తీసేసినవాళ్ళు రౌడీలు కాదు. అందరూ మర్యాదస్థులు, పెద్ద చదువులు చదివినవాళ్ళు. ఆమె వద్దు వద్దని మొత్తుకుంటుంటే, సరే అంటోందని నమ్మి తీసేశారు. అందుకని ఈ కథ శాంతంగా చెప్పడం నా వల్ల కాదు. నాకు కోపంగా ఉంది, కోపంగానే చెబుతాను.

నా పేరు రజిత. చెర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసేదాన్ని. లిఫ్టులో, వాషింగ్ మెషీన్‌లో, బస్సు టికెట్ల మిషన్‌లో మీరు మీట నొక్కితే, నొక్కారన్న సంగతి లోపలి చిప్పుకు తెలియజేసే ప్రోగ్రాం రాయడం నా పని. ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ మీట నొక్కినప్పుడు లోపలి రెండు రేకులు ఒక్కసారిగా అతుక్కుని ఊరుకోవు. నేల మీద పడ్డ స్టీలు గ్లాసులా కాసేపు ఎగిరెగిరి అప్పుడు కుదుటపడతాయి. చిప్పు మహా చురుకైనది, ఆ ఎగురుళ్ళన్నీ లెక్కపెడుతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే ఒక టికెట్టు కొట్టిన చోట ఐదు టికెట్లు వస్తాయి. అందుకని రేకులు స్థిరపడేదాకా ఆగి, మొత్తం కలిపి ఒక్క నొక్కుగా లెక్కవేయమని ప్రోగ్రాంలో రాస్తాం. దాన్ని మావాళ్ళు డీబౌన్స్ అంటారు. ఎంతసేపు ఆగాలన్నదే అందులో అసలు విద్య. తక్కువ ఆగితే చెత్త లోపలికి వస్తుంది, ఎక్కువ ఆగితే మనిషి నొక్కింది కూడా చెత్తలో పోతుంది.

అక్కకు డ్యూటీలోనే పక్షవాతం వచ్చింది. మెదడు వెనకవైపు దెబ్బతిన్నదని చెప్పారు. తెలివి పూర్తిగా ఉంది. మాట లేదు, ముఖంలో కదలిక లేదు, కంటిరెప్పలు వాటంతట అవే కొట్టుకునేవి తప్ప ఆమె చెప్పినట్టు వినేవి కాదు. కన్నీళ్ళు కూడా కారణం లేకుండా కారుతుంటాయని, వాటిని పట్టించుకోవద్దని నర్సులు చెప్పారు. ఒంట్లో మిగిలింది కుడిచేతి బొటనవేలు ఒక్కటే. ఏళ్ళ తరబడి టికెట్ల మిషన్ నొక్కిన వేలు కదా, అది మాత్రం లొంగలేదు.

ఆ వేలికోసమే అన్నట్టు మా కంపెనీలో పలుకుబల్ల తయారైంది. చిన్న తెర, దాని కింద బొటనవేలు అటూ ఇటూ వాలితే చాలేంత దగ్గరగా రెండు మీటలు, వేలు ఎటు వాలిందో పైనుంచి చూసేవాళ్ళకు తెలియదు. ఒకటి ‘సరే’, ఇంకొకటి ‘వద్దు’. తెర మీద మాటలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. కావలసిన మాట వెలిగినప్పుడు సరే నొక్కితే బల్ల ఆ మాటను పైకి పలుకుతుంది, అక్కర్లేకపోతే వద్దు నొక్కి ముందుకు పోవచ్చు. లేని మాటను అక్షరాలు కూర్చుకుని రాసుకోవచ్చు. ఎదుటివాళ్ళు ఏదైనా అడిగితే రెండు మీటల్లో ఒకటి నొక్కి జవాబు చెప్పవచ్చు. మీటల కింద ఉల్లిపొర లాంటి ఒక పొర ఉంటుంది, అది వేలి బరువు ఎలా పెరుగుతోందో కనిపెడుతుంది. నీరసంగా ఉన్నవాళ్ళు సగం నొక్కినా మిగతా సగం బల్లే పూర్తిచేసుకుంటుంది.

అక్క దానితో మొట్టమొదట పలికించిన మాట ఒక బూతు. మా బావ మల్లేశాన్ని తిట్టింది. బావ ఫ్యాన్లూ మోటార్లూ రిపేరు చేస్తాడు, మెతక మనిషి. తిట్టు విని మంచం పట్టె పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా స్వరూపే! నా స్వరూపే మాట్లాడుతున్నది!" అని వార్డంతా తిరిగి చెప్పుకున్నాడు.

నాలుగు నెలలు అలా తిట్లతో హాయిగా గడిచాయి. తరువాత మా ఫణీంద్ర గారు పలుకుబల్ల ప్రోగ్రాం మీద కొత్త పొర ఒకటి ఎక్కించారు.

ఫణీంద్ర గారు కంపెనీ పెట్టిన మనిషి. తెలివైనవాడు, దాన్ని నేను కాదనను. మీట నొక్కిన తీరును బట్టి మనిషి మనసులో మాట చెప్పవచ్చని ఆయన కనిపెట్టారు. నొక్కేముందు వేలు తటపటాయించడం, బరువు పెరిగే వేగం, వెంటవెంటనే నొక్కడం, వీటన్నిటి వెనకా ఒక ఉద్దేశం ఉంటుంది. పైకి వద్దు అన్నా లోపల కావాలని ఉంటే ఆ నొక్కు వేరుగా ఉంటుంది. ఆ తేడా పట్టుకుని, పైమాటను పక్కనపెట్టి లోపలి మాట పలికించేదే ఆ పొర. దానికి ‘అంతరంగం’ అని పేరు పెట్టారు. అన్ని ఆసుపత్రుల్లోని బల్లలకూ ఆఫీసు నుంచే ఎక్కించారు. నా డీబౌన్స్ కింద ఉంది, దాని నెత్తిన ఇది కూర్చుంది.

అప్పటినుంచి అక్క మెత్తబడింది. నర్సు వస్తే "థాంక్యూ" అనేది. బావ గంజి పట్టిస్తే "బాగుంది" అనేది. నేను వెళితే "నా గురించి బెంగపడకు" అనేది. మా అక్క! సాంబారులో ఉప్పు తక్కువైతే గిన్నె వాకిట్లో పారబోసే మనిషి! జబ్బు మనిషిని మార్చేస్తుందన్నారు అందరూ. అందరికీ అలా మారిన స్వరూపే ఎక్కువ నచ్చింది కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమెకు తిన్నది గాలిగొట్టంలోకి పోయి రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. సర్జను విజయభారతి గారు ఒక ఆపరేషన్ ఉందన్నారు. గాలిగొట్టాన్ని నోటినుంచి పూర్తిగా విడదీసి మెడ దగ్గర బయటికి తెరుస్తారు. ఇక ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోదు. కానీ గొంతులోంచి గాలి వెళ్ళదు కాబట్టి మాట ఎప్పటికీ రాదు. అప్పటికి అక్క రోజూ పొద్దున్నే గొంతులోంచి ‘ఆ’ అనే శబ్దం తెప్పించడానికి కష్టపడుతోంది. మాటలు నేర్పే అమ్మాయి ఏడాది ఓపిక పడితే ఎంతో కొంత రావచ్చని చెప్పింది. ఆపరేషన్ చేయించుకోకపోతే ఈలోగా ప్రాణమే పోవచ్చు. విజయభారతి గారు మంచి డాక్టరు. భర్త సంతకం చాలదని, తెలివిలో ఉన్న మనిషిని ఆమెనే అడగాలని పట్టుబట్టి అడిగారు.

నేనప్పుడు చెర్లపల్లిలో ఉన్నాను. బావ ఫోన్ చేశాడు.

"ఒప్పుకున్నది రజితా. నేను నమ్మలే. డాక్టరమ్మ మల్ల అడిగింది. మల్ల గూడ సరే అన్నది."

"అక్క ఊకెనే ఒప్పుకున్నదా బావా?"

"ఊకెనే ఏంది! ఏలు టకటకా కొట్టింది. అంత పట్టుదలగ ఉన్నది. ఏం జేద్దాం, బతకాలనుంటది గదా ఎవ్వలికైనా."

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్లందరూ మెచ్చుకున్నారు. మెలకువ వచ్చాక నేను మంచం పక్కన కూర్చుని ఎట్లున్నవక్కా అన్నాను. ఆమె వేలు మీట మీద పడి కొట్టడం మొదలుపెట్టింది. తలుపు కొట్టినట్టు కొడుతోంది. చేతి నరాలు ఉబ్బాయి. పలుకుబల్ల చల్లని ఆడగొంతుతో "నాకు బాగానే ఉంది, థాంక్యూ" అంది. అక్క ఇంకా గట్టిగా కొట్టింది. "థాంక్యూ," అంది బల్ల. "థాంక్యూ. థాంక్యూ."

బాగానే ఉన్న మనిషి అలా కొట్టదు.

మర్నాడు పొద్దున ల్యాబులోంచి స్కోపు పట్టుకొచ్చాను. వైరులో పోయే కరెంటును తెర మీద గీతగా చూపించే పెట్టె అది. పలుకుబల్ల వెనక మూత విప్పి రెండు మీటల వైర్లకూ రెండు క్లిప్పులు తగిలించాను. పై గీత సరే, కింది గీత వద్దు. మధ్యలో ఏ ప్రోగ్రామూ లేదు, నాది కూడా లేదు. వేలు ఏం చేస్తే గీత అదే చేస్తుంది. బావ పక్కన నిలబడి చూస్తున్నాడు.

"అక్కా, నీ పేరు స్వరూపేనా?"

పై గీత ఒకసారి లేచి పడింది. "సరే," అంది బల్ల.

"నీ పేరు మల్లేశమా?"

కింది గీత ఒకసారి లేచి పడింది. "వద్దు," అంది బల్ల. సరిగ్గానే ఉంది కదా అన్నాడు బావ.

"అక్కా, ఈ ఆపరేషన్‌కు నువ్వు ఒప్పుకున్నవా?"

కింది గీత లేచింది. పడకముందే మళ్ళీ లేచింది. మళ్ళీ, మళ్ళీ. తెర నిండా దువ్వెన పళ్ళలా వద్దు, వద్దు, వద్దు, వద్దు. పై గీత చచ్చినట్టు పడి ఉంది. ఒక్కసారి కూడా కదలలేదు.

"సరే," అంది బల్ల.

బావకు స్కోపు చదవడం ఒకరు చెప్పనక్కర్లేదు. మోటార్లు చూసే మనిషి. తెర వైపు చూశాడు, అక్క వేలి వైపు చూశాడు, గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "నేను సంతకం బెట్టిన గదనే," అన్నాడు. ఆ తరువాత అక్కను ముట్టుకోవడానికి కూడా భయపడ్డాడు. నేను వెళ్ళి విజయభారతి గారిని పిలుచుకొచ్చాను. ఆవిడ అదే ప్రశ్న తన నోటితో అడిగారు, తెర చూశారు. "నేను అడిగాను కదమ్మా, రెండుసార్లు అడిగాను కదా," అని మాత్రం అని, ఆ సాయంత్రమే పై అధికారులకు ఫిర్యాదు రాశారు.

నేను తిన్నగా ఆఫీసుకు వెళ్ళాను. ఫణీంద్ర గారు క్యాంటీన్‌లో ఉన్నారంటే అక్కడికే వెళ్ళాను. తలుపులోనే ఆగిపోయాను. ‘అంతరంగం’ ఎక్కడ నేర్చుకుందో కళ్ళెదుటే కనిపించింది.

మా క్యాంటీన్‌లో ప్రతి కుర్చీ ముందూ రెండు మీటలు ఉంటాయి, సరే, వద్దు. వడ్డించేవాళ్ళు వచ్చి కూర వేయాలా అంటే మీట నొక్కాలి, తరువాత మనం తిన్నామో వదిలేశామో పైనుంచి కెమెరా చూస్తుంది. మాకు తిండి, ఆయనకు పరిశోధన. ఆరోజు గుత్తొంకాయ కూర. అకౌంట్స్ సెక్షన్ ఆయన ముందు గరిటె ఆగింది. ఆయన "వద్దు వద్దు వద్దు" అంటూ వద్దు మీటను టకటకా వాయించాడు. వాయిస్తూనే ప్లేటు ముందుకు జరిపాడు. రెండు కాయలు పడ్డాయి, నూనెతో సహా ఊడ్చుకు తిన్నాడు. పక్కనున్నావిడా అంతే. నిజంగా కడుపు నిండినవాళ్ళు మాత్రం ప్లేటు మీద చెయ్యి అడ్డంపెట్టి ఒకే ఒక్కసారి నిదానంగా నొక్కి ఊరుకున్నారు.

యంత్రం పాపం ఏం చేస్తుంది, చూసిందే నేర్చుకుంది. నిదానంగా ఒకసారి వద్దంటే వద్దని. గట్టిగా, వెంటవెంటనే, ప్రాణం పెట్టి వద్దంటే మొహమాటమని, కావాలని. తెర మీద వెలిగిన ‘థాంక్యూ’ను అక్క వద్దని కొట్టినప్పుడల్లా బల్ల దాన్నే పలికింది అందుకే. వంకాయ కూర దగ్గర నేర్చుకున్న ఆ పాఠాన్ని తీసుకెళ్ళి మా అక్క గొంతు మీద పెట్టారు.

ఫణీంద్ర గారి ఎదుట కూర్చుని ఈ మాటే చెప్పాను. అక్క సంగతి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఒక్క నిమిషమే.

"చాలా బాధాకరమండీ రజిత గారూ. కానీ ఒక్క కేసు చూసి మొత్తం తప్పు అనకూడదు. మన పరీక్షల్లో నూటికి తొంభైపైన సరిగ్గా వచ్చింది."

"ఆ పరీక్షలు ఎక్కడ పెట్టిన్రు సార్? ఆసుపత్రిలోనా, అన్నం ప్లేటు ముందరా?"

"ఆసుపత్రుల్లో అనుమతులకి ఏళ్ళు పడుతుంది. మనుషులు ఎక్కడైనా మనుషులేగా. అయినా మీరు చేసేదీ అదే కదండీ. మీరు రేకుల గోల తీసేస్తారు, నేను మనుషుల గోల తీసేశాను. ఏం తేడా ఉంది?"

"రేకులకు కోపం రాదు సార్."

"అంటే?"

"అంటే మా అక్క కోపాన్ని మీరు గోల అనుకున్నరు. మంచం మీద పడి ఉన్న మనిషి దగ్గర ఉన్నదే అది. దాన్ని తీసి పారేసిన్రు. ఆ పొర ఇప్పుడే ఆపెయ్యిండ్రి. అన్ని బల్లల్లో ఆపెయ్యిండ్రి."

ఆపడానికి పెద్ద పనేమీ లేదు. ఎక్కించినట్టే ఆఫీసు నుంచి ఒక ఆజ్ఞ ఇస్తే అన్నిచోట్లా అంతరంగం పక్కకు తప్పుకుని, వేలు నొక్కిందే బల్ల పలుకుతుంది. ఆ ఆజ్ఞ ఆయన ఒక్కడే ఇవ్వగలడు. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇప్పుడు హఠాత్తుగా ఆపితే ఆసుపత్రులవాళ్ళు ఎందుకని అడుగుతారట. మొహమాటం ఎంత లెక్కలోకి తీసుకోవాలో తగ్గించుకునే ఏర్పాటు పెట్టి రెండు మూడు నెలల్లో కొత్తది ఇస్తారట. అక్క బల్లకు జీవితాంతం ఉచితంగా సర్వీసు చేస్తారట.

అదే రోజు నేను ఉద్యోగం మానేశాను. చెప్పులేసుకుని వచ్చేస్తుంటే సర్వీసు సెక్షన్ టేబుల్ మీద బుట్టెడు పాత మీటలు కనిపించాయి. అరిగిపోయాయని ఆసుపత్రులు తిప్పిపంపినవి. ఒక్కొక్కటీ తీసి చూశాను. అన్నీ ‘వద్దు’ మీటలే. సరే మీటలు ఎక్కడా అరగలేదు. ఇంతమంది ఇంతగా అరిచి చెప్పింది అక్కడ ఒక ప్లాస్టిక్ బుట్టలో పడి ఉంటే, స్టాకు తెప్పించాలని మాత్రమే వీళ్ళు అనుకున్నారు.

అన్నిటికన్నా పైనున్న మీట సూర్యాపేట నుంచి వచ్చింది, కొత్తది త్వరగా ఎందుకు కావాలో దానికి కట్టిన చీటీలో రాసి ఉంది. అక్కడి ఆసుపత్రిలో ఒక లారీ డ్రైవరు, పక్షవాతం, కాలికి పుండు. శుక్రవారం మోకాలి దాకా కాలు తీసేస్తున్నారట. అతను ఒప్పుకున్నాడట. ఆ ఆసుపత్రికి ఫోన్ చేశాను. "పేషెంటే స్వయంగా సరే అన్నాడమ్మా, మిషన్ చెప్పింది. మీరెవరు? కంపెనీ నుంచి మాకేం రాలేదే," అని పెట్టేశారు. ఆ కాలు తీయాలో వద్దో నాకు తెలియదు. తీయకపోతే అతను చచ్చిపోతాడేమో కూడా. కానీ అది అతని కాలు. అడిగి, అతను చెప్పింది వినాలి.

అక్కను ఇంటికి తెచ్చాం. పలుకుబల్లను ఆమె దగ్గర పెడితే వేలు ముడుచుకునేది, ఇక దాన్ని ముట్టుకోలేదు. జవాబు లేని మనిషిని చూస్తూ రెండు రోజులు ఉన్నాం. అప్పుడు బావ తుక్కు షాపులన్నీ తిరిగి పాత బస్సు కరెంటు బెల్లు ఒకటి పట్టుకొచ్చాడు. నేను ఒక మీట తెచ్చాను. మీటకూ బెల్లుకూ బ్యాటరీకీ వైరు, అంతే. చిప్పు లేదు, ప్రోగ్రాం లేదు. రేకులు ఎగిరితే ఎగరనీ, వినేది చెవులు కదా, వాటికి ఆ మాత్రం తెలుసు.

అక్క వేలి కింద మీట పెట్టాను. "ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. నీకు చెప్పాల్నా," అన్నాను.

ఆమె నొక్కింది. టింగ్, టింగ్. ఇల్లంతా మోగింది. బావ తుళ్ళిపడి నవ్వాడు, ఆపరేషన్ అయ్యాక అతను నవ్వడం అదే మొదలు. తరువాత మంచం దగ్గర కింద కూర్చుని, నేల చూస్తూ అడిగాడు.

"స్వరూపా. సంతకం బెట్టినందుకు నా మీద కోపమున్నదా?"

టింగ్, టింగ్.

"నన్ను ఇడిసిపెడతవా?"

టింగ్. ఒక్కటే. బావ ఆమె చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. నేను కూడా అడిగాను, ఆ బల్ల నీ దగ్గరికి తెచ్చింది నేను, నా మీద కోపమున్నదా అని. రెండు కొట్టింది, గట్టిగా కొట్టింది. నాకు ఏడుపు వచ్చింది. కానీ ఎన్నో నెలల తరువాత అక్క నాతో నిజంగా మాట్లాడింది. ఆమె కోపం నాకు దక్కింది, అది చాలనిపించింది.

గురువారం సాయంత్రం ఫణీంద్ర గారు మా ఇంటికి వచ్చారు. ఆపిల్ పళ్ళ కవరు, చేతిలో ఫైలు. విజయభారతి గారి ఫిర్యాదు మీద విచారణ మొదలైందట. పేషెంటు తరఫున కంపెనీ మీద మాకు ఆరోపణ ఏమీ లేదని అక్క ఒప్పుకోవాలట. కొత్త పొర వచ్చేదాకా పాతదే మిగతా ఆసుపత్రుల్లో నడవనివ్వాలట. బావ మర్యాద మరిచే మనిషి కాదు, టీ గ్లాసు పట్టుకొచ్చాడు.

"వద్దు వద్దు, వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను, వద్దు," అన్నారు ఫణీంద్ర గారు. గ్లాసు అందుకున్నారు. ఒక గుక్క తాగి అక్క వైపు తిరిగారు.

"స్వరూప గారూ, మీకు జరిగింది ఎవరూ తీర్చలేరు, క్షమించండి. కానీ అవతల ఎందరో నీరసంగా ఉన్నవాళ్ళు ఈ మిషన్ మీదే ఆధారపడి ఉన్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడవనిద్దాం. మీరు సరేనంటే..."

టింగ్.

"అది కాదమ్మా, ఒక్కసారి వినండి. ఆపేస్తే వాళ్ళందరికీ..."

అక్క మళ్ళీ నొక్కింది. ఈసారి వేలు తియ్యలేదు. ఆ బెల్లు బస్సు ఇంజను చప్పుడును మించి డ్రైవరుకు వినిపించడానికి చేసింది. ఆ చిన్న గదిలో గోడలు అదిరాయి. ఫణీంద్ర గారు ఏదో చెబుతూనే ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి తప్ప ఒక్క ముక్క వినిపించలేదు. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. కిందివాటా పిల్లలు మెట్లెక్కి వచ్చి తొంగిచూశారు. అక్క ముఖం ఎప్పటిలాగే రాయిలా ఉంది. బొటనవేలి గోరు తెల్లబడింది.

"అర్థమైంది, తియ్యమనండి!" అని ఆయన నా చెవి దగ్గర అరిచారు.

నేను తియ్యమనలేదు. ఆయన చెవి దగ్గరే నేనూ అరిచాను. "మీ చేతిల గ్లాసు చూస్కోండ్రి సార్! నాలుగుసార్లు వద్దన్నరు. మొహమాటమని బావ ఇచ్చిండు, మీరు తాగిన్రు. మరి గిది? గిది గూడ మొహమాటమేనా? చెప్పుండ్రి!"

ఆయన గ్లాసు వైపు చూశారు. అందులో టీ సగం అయిపోయింది. ఆయన దాన్ని కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుని నిలబడ్డారు. మా అక్క ఆపరేషన్ సంగతి చెప్పినప్పుడు కూడా ఆయన ముఖం అలా అవలేదు. బెల్లు మోగుతూనే ఉంది. చివరికి ఆయన ఎడమచేత్తో జేబులోంచి ఫోన్ తీశారు.

ఆయన నంబరు నొక్కడం చూశాక అక్క వేలు ఎత్తింది. కానీ దూరంగా పెట్టలేదు, మీట మీదే గాల్లో ఆపి ఉంచింది.

"అంతరంగం ఆపెయ్యండి," అన్నారు ఫోన్‌లో. "అన్నీ. అవును, అన్ని యూనిట్లూ. ఇప్పుడే. నేను చెబుతున్నాను."

"సూర్యాపేటకు చెయ్యుండ్రి," అన్నాను. "స్పీకర్ పెట్టుండ్రి."

సూర్యాపేట ఆసుపత్రిలో డ్యూటీ సిస్టరు ఫోన్ ఎత్తింది. కంపెనీ ఓనరునని, మిషన్ సరిచేశామని, ఆ పేషెంటును ఇప్పుడు మళ్ళీ అడగాలని ఫణీంద్ర గారు చెప్పారు. ఆవిడ విసుక్కుంది. "రేపు పొద్దుగాల ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడేంది సార్? గాయన ఎప్పుడో ఒప్పుకున్నడు," అంది. ఒక్కసారి అడగమ్మా అని ఆయన బతిమాలారు. చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. మా గదిలో పిల్లలు కూడా ఫోన్ దగ్గరికి జరిగారు.

"అన్నా, నిన్నేనే. రేపు కాలు తీస్తున్నరు గదా. నీకు సమ్మతమేనా?"

ముందు మీట నొక్కిన చప్పుడు వినిపించింది. తరువాత ఫోన్‌లోంచి అదే చల్లని గొంతు వచ్చింది.

"వద్దు."

"ఏందన్నా?" అంది సిస్టరు.

"వద్దు. వద్దు. వద్దు. వద్దు. వద్దు. వద్దు."

ఆగలేదు. ఇన్నాళ్ళ వద్దులన్నీ ఒక్కసారి బయటికి వస్తున్నట్టు పలుకుతూనే ఉంది. "అయ్యో, డాక్టర్ సార్‌ని పిలుస్తా ఉండుండ్రి," అని సిస్టరు పరిగెత్తింది. ఫోన్ అక్కడే మంచం మీద పడి ఉన్నట్టుంది, బల్ల గొంతు, దాని వెనక మీట మీద వేలు పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఫణీంద్ర గారు ఫోన్ కట్ చేయలేదు, చెవినుంచి దూరంగా పట్టుకుని తల దించుకుని వింటున్నారు. ఆయన ఫైలు కుర్చీలోనే ఉంది, దాని మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్క అంతా వింది. గాల్లో ఉన్న వేలు మీట మీదికి దిగింది.

టింగ్, టింగ్.

బావ లేచి ఆయన చేతిలోని టీ గ్లాసు తీసుకున్నాడు. ఆపిల్ కవరు, ఫైలు ఆయన చేతికిచ్చి తలుపు తీశాడు.